మార్కు వేసేవాడికి దిద్దడం రావాలి

మా రోజుల్లో నాట్యానికి మార్కులు లేవు. అడవు వేసి ఆగగానే గురువుగారు "మళ్లీ" అన్నారంటే తప్పు ఉన్నట్టు. అనలేదంటే అంతా ఒప్పని కాదు, రేపు ఇంకో అడవుకు వెళ్లొచ్చని. ఆ తప్పేమిటో ఆయన వెంటనే చెప్పేవారు. మడమ ఆలస్యంగా పడిందనో, ఎడమ భుజం లేచిందనో, కుడి మోకాలు లోపలికి వాలిందనో చెప్పి, అప్పటికప్పుడు సరిచేసి, మళ్లీ వేయించేవారు. చూడడం, తేల్చడం, దిద్దడం అన్నీ ఒకే మనిషి ఒకే ఊపిరిలో చేసిన పనులు.

ఇప్పుడు పిల్లలు ఫోను తెచ్చి చూపిస్తున్నారు. తెర మీద తమ బొమ్మ, బొమ్మ మీద చుక్కలు, చుక్కల మధ్య గీతలు, పై మూలన ఒక అంకె. "84 వచ్చింది మాస్టారూ" అంటారు. దేనికి వచ్చిందమ్మా అంటే "అడవుకి" అంటారు. అడవులో దేనికి అంటే చెప్పలేరు. పోయిన ఆ 16 ఎక్కడ పోయాయో పిల్లకూ తెలియదు, వాళ్లమ్మకూ తెలియదు, ఆ యాప్ కొని పెట్టిన డ్యాన్స్ స్కూలు వాళ్లకూ తెలియదు. నా గొడవ ఇక్కడే మొదలవుతుంది.

చూడకుండా తిట్టే అలవాటు నాకు లేదు. అది ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. కెమెరా ముందు నిలబడిన మనిషి ఒంట్లో కీళ్లెక్కడున్నాయో అది వెతుకుతుంది. 2010లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్ 20 కీళ్లను పట్టుకునేది. పిల్లలు ఆటలాడుకోవడానికి తయారైన ఆ పరికరంతోనే ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు భరతనాట్యం అడవులను గుర్తించే పని చేశారు. ఇప్పుడు ప్రత్యేకంగా పరికరం కూడా అక్కర్లేదు. గూగుల్ వాళ్ల మీడియాపైప్ మామూలు ఫోను కెమెరాతోనే ఒంటి మీద 33 చుక్కలు పెడుతుంది. తుంటి, మోకాలు, చీలమండ చుక్కలు కలిపితే మోకాలి కోణం తెలుస్తుంది. భుజం, మోచేయి, మణికట్టు కలిపితే చేతి వంపు తెలుస్తుంది. గురువు వేసి చూపించిన వీడియోలోని కోణాలను శిష్యురాలి కోణాలతో పోల్చి, తేడా లెక్కగట్టి, నూటికి ఇన్ని అని చెబుతుంది. ఆ లెక్కలో మోసం లేదు. నూరుసార్లు అడిగినా విసుగు లేకుండా కొలుస్తుంది. నాట్యమంటే ఆ కోణాలేనని మనవాళ్లు నమ్మడం మొదలుపెట్టారు చూడండి, దాని మీదే నా ఫిర్యాదు.

మా రోజుల్లో గురువులు సగం చెవితోనే దిద్దేవారు. కూచిపూడిలో మేం నేర్చుకునేటప్పుడు తెల్లవారకముందే సాధన మొదలయ్యేది. సరైన దీపం కూడా ఉండేది కాదు. గురువుగారు పీట ముందు కూర్చుని కర్రతో తాళం వేసేవారు. ఒక్కోసారి గోడవైపు తిరిగి కళ్లు మూసుకునే ఉండేవారు. అయినా వరసలో మూడోవాడి కాలు తప్పిందని పేరు పెట్టి పిలిచేవారు. అరికాలు మొత్తం నేల మీద పడితే వచ్చే మోత వేరు. మడమ మాత్రమే పడితే వచ్చే దెబ్బ వేరు. మునివేళ్ల మీద లేచి దిగితే వచ్చే పొడి శబ్దం వేరు. బరువు వెనక్కి వేసినవాడి అడుగు చప్పగా పడుతుంది. అరమండిలో కూర్చోకుండా మోకాళ్లు సగమే వంచినవాడి అడుగు పైపైన పలుకుతుంది. ఇవన్నీ గజ్జెలు కట్టకముందే వినబడాలి, ఎందుకంటే గజ్జెలు తప్పును దాచేస్తాయి. అందుకే ఏళ్ల తరబడి మాకు గజ్జె ఇచ్చేవారు కాదు. నేటి పిల్ల ఫోను ముందు వేసే అడవుకు శబ్దం ఉందో లేదో ఆ 33 చుక్కలకు పట్టదు. పాదం నేలను తాకితే చాలు, కొట్టిందా రాసిందా అన్న తేడా ఆ లెక్కలోకి రాదు.

ఇంతకన్నా పెద్ద బాధ లయ విషయంలో ఉంది. రెండు వీడియోలను పోల్చేటప్పుడు వాటి నిడివి ఒకటిగా ఉండదు. గురువు పది సెకన్లలో వేసింది శిష్యురాలు పదకొండు సెకన్లలో వేయొచ్చు. అప్పుడు కొన్ని యంత్రాలు చేసే పని ఏమిటంటే, ఒకరి కాలాన్ని అవసరమైన చోట సాగదీసి, అవసరమైన చోట కుదించి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా పరుస్తాయి. ఆ తర్వాత కోణాలు పోలుస్తాయి. మాటలను గుర్తుపట్టే యంత్రాలకు ఈ పద్ధతి ఎంతో పనికొచ్చిందట, ఎందుకంటే మాటను నెమ్మదిగా అన్నా త్వరగా అన్నా మాట అదే. నాట్యంలో అలా కాదు. తైయ్యుం తత్త తైయ్యుం త అనేదాన్ని అర మాత్ర వెనగ్గా వేస్తే అది తప్పు అడవు. చెయ్యి ఎంత అందంగా చాచినా, మోకాలు ఎంత చక్కగా విచ్చుకున్నా అది తప్పే. మా గురువుగారు ముందు పట్టుకునేది ఆ తప్పునే, చివరిదాకా క్షమించనిదీ ఆ తప్పునే. సాగదీసి సరిపెట్టే పద్ధతి కొలవడం మొదలుపెట్టకముందే దాన్ని తుడిచేస్తుంది. తాళం తప్పిన పిల్లకు 90 మార్కులు వచ్చాయని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులకు నేను చెప్పే కారణం ఇదే.

ఇక వేగం సంగతి. మామూలుగా ఫోను సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. నిమిషానికి 80 దెబ్బల నడకలో తాళం వేస్తూ, ఒక్కో దెబ్బకు 8 అక్షరాల చొప్పున జతి పలికితే, ఒక్కో అక్షరానికి సెకనులో పదో వంతు కూడా దక్కదు. ఆ లోపల ఫోను మూడు బొమ్మలు కూడా పూర్తిగా తీయలేదు. పాదం నేలను తాకిన క్షణం ఆ బొమ్మల మధ్య సందులో పడిపోతే యంత్రం దాన్ని అంచనా వేసుకోవాలి. చౌకకాలంలో పర్వాలేదు. ద్రుతకాలంలో, తీర్మానం ముగింపులో, అంటే సాధన అసలు బయటపడేచోట, దాని చూపు మందగిస్తుంది. మాకు మూడు కాలాలూ శుద్ధంగా పలికితేనే తరువాతి అడవు. మూడో కాలంలో ఎవడి కాళ్లు తొట్రుపడతాయో వాడి మొదటి కాలంలోనే లోపముందని గురువుగారు తేల్చి, వాణ్ణి మళ్లీ చౌకానికి దింపేవారు. రోగం ఒకచోట ఉంటే లక్షణం ఇంకోచోట కనబడుతుందని ఆయనకు తెలుసు. లక్షణాన్ని కొలిచే పరికరం మూలాన్ని చెప్పదు.

మరో ముఖ్యమైన పరీక్ష ఉండేది. దానికి తేదీ ఉండేది కాదు, చెప్పి పెట్టేవారు కాదు. చతురస్రంలో నడుస్తుండగా ఉన్నట్టుండి గురువుగారు నోటితో ఖండం పలికేవారు. నాలుగు పట్టుకున్న కాళ్లు అయిదులోకి మారాలి. కొన్నిసార్లు కర్ర దెబ్బ కావాలని ఆపేసి, మేం లోపల తాళం మోస్తున్నామో, ఆయన దెబ్బ మీద ఆనుకుని బతుకుతున్నామో చూసేవారు. మళ్లీ దెబ్బ వేసేసరికి అదే చోట ఉన్నవాడే నిలిచినట్టు. రేపు వేదిక మీద మృదంగం వాయించే ఆయన కొంచెం పరిగెత్తినా, పాడే ఆవిడ ఒక ఆవర్తనం ఎక్కువ పాడినా, నాట్యం చేసేవాడు కంగారు పడకూడదు. ఆ నిబ్బరాన్ని కొలవాలంటే పరీక్షించేవాడు తాళంతో ఆడుకోగలగాలి. యాప్‌లో పాట ఎప్పుడూ ఒకే వేగం. పిల్ల ఆ పాటకు అలవాటు పడుతుంది. రేపు మనుషులు పాడేసరికి తికమకపడుతుంది.

తరంగం చెప్పకపోతే కూచిపూడి గురించి మాట్లాడినట్టే కాదు. ఇత్తడి పళ్లెం అంచుల మీద రెండు పాదాలూ పెట్టి, వేళ్లతో అంచును పట్టి, పళ్లెంతో సహా కదులుతూ జతులు వేయాలి. కొందరు తల మీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. ఆ విద్యంతా పాదం వేళ్లలో, అరికాలి వంపులో, నడుము నిలకడలో ఉంది. ఆ 33 చుక్కల్లో ఒక్కో పాదానికి దక్కినవి చీలమండకు ఒకటి, మడమకు ఒకటి, ముందువైపు ఒకటి. అంచును పట్టిన వేళ్లు అందులో లేవు. పళ్లెం అసలే లేదు. తరంగంలో పిల్ల పళ్లెం మీద ఆనిందా, పళ్లెం పిల్లను మోసుకుపోతోందా అనేది పక్కన కూర్చున్న గురువుకు పళ్లెం గీరుకునే చప్పుడులోనే తెలిసిపోతుంది.

హస్తాల సంగతీ అంతే. అభినయదర్పణం చెప్పిన అసంయుత హస్తాలు 28. పతాకానికి, త్రిపతాకానికి మధ్య తేడా ఒక్క ఉంగరపు వేలి వంపు. మనిషంతా తెరలో పట్టాలని ఫోనును ఎనిమిది అడుగుల దూరంలో పెడితే ఆ వేలు ఎటు వంగిందో దానికి స్పష్టంగా కనబడదు. వేళ్ల కోసం వేరే కార్యక్రమం ఉందని, అది ఒక్కో చేతికి 21 చుక్కలు పెడుతుందని చెప్పారు. మంచిదే. దగ్గర పెడితే చేతులు కనబడతాయి, కాళ్లు పోతాయి. దూరం పెడితే కాళ్లు కనబడతాయి, వేళ్లు పోతాయి. కూచిపూడి ఈ రెండింటినీ ఒకేసారి అడుగుతుంది. ఇక చూపు సంగతి. కంటి మూలలెక్కడున్నాయో చుక్క పెట్టడం వేరు, ఆ కన్ను కృష్ణుడి కోసం వీధి చివరిదాకా చూస్తోందో, కెమెరా కేసి చూస్తోందో తెలుసుకోవడం వేరు.

ఇంతదాకా వచ్చినవన్నీ కెమెరా బాగుపడితే తీరిపోయే లోపాలని ఎవరైనా అనొచ్చు. సెకనుకు 240 బొమ్మలు తీసే ఫోన్లు వచ్చేశాయి. రేపు పాదం శబ్దాన్ని కూడా వింటాయి, వేళ్లనూ లెక్కపెడతాయి. ఒప్పుకుంటాను. అప్పుడు కూడా తీరని చిక్కు ఒకటుంది.

పాలంపేట రామప్ప గుడికి వెళ్లి చూడండి. 1213లో కట్టిన ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉన్నారు. స్తంభాల మీద నర్తకులు, వాద్యకారులు ఉన్నారు. ఆ గుడి కట్టిన నలభై ఏళ్లకు, 1253 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప నృత్తరత్నావళి రాశాడు. నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథాన్నీ, ఆ శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నాట్యాన్ని తిరిగి వేదిక మీదకు తెచ్చారు. రాతిలో భంగిమ దొరుకుతుంది. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు ఎలా వెళ్లాలో రాయి చెప్పదు. ఆ నడిమి దారిని ఆయన చదువుతో, తన ఒంటి అనుభవంతో, ఊళ్లలో మిగిలిన ఆటల జాడలతో కట్టుకోవలసి వచ్చింది. నాట్యశాస్త్రంలోని 108 కరణాలు కూడా నిలిచిన భంగిమలు కావని, కదలికలని పద్మా సుబ్రహ్మణ్యంగారు తన పరిశోధనలో గట్టిగా వాదించారు. అంటే ఈ దేశంలో నాట్యం తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి చేసిన శ్రమంతా బొమ్మల మధ్య పోయిన కదలికను తిరిగి పట్టుకోవడానికే. మనం ఇప్పుడు కళ్ల ముందు కదులుతున్న పిల్లను తీసుకుని, సెకనుకు 30 బొమ్మలుగా కోసి, ఒక్కో బొమ్మకు కోణం కట్టి, సరాసరి తీసి మార్కు వేస్తున్నాం. వాళ్లు ఎటు నడిచారో దానికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తున్నాం.

ఇంకొకటి. యంత్రం పోల్చాలంటే ముందు దానికి ఒక ప్రమాణం చూపించాలి. ఎవరి అడవు ప్రమాణం? కూచిపూడి అగ్రహారంలో పుట్టి పెరిగిన వెంపటి చినసత్యంగారు మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, మన అడుగులకు కొత్త తీరు, కొత్త నిండుదనం తెచ్చారు. ప్రపంచంలో ఇవాళ ఎక్కడ కూచిపూడి పాఠం జరిగినా అందులో ఆయన చెయ్యి ఉంటుంది. అదే ఊరి వేదాంతం సత్యనారాయణశర్మగారు మేళాల సంప్రదాయంలోనే నిలిచి, స్త్రీ వేషం కట్టి, సత్యభామగా ఒక మెడ తిప్పుతో జనాన్ని కట్టిపడేసేవారు. 2012లో కొద్ది నెలల తేడాతో ఇద్దరూ వెళ్లిపోయారు. ఇద్దరిదీ కూచిపూడే, ఒకరి కోణం ఇంకొకరికి లేదు. ఊరి పాత అడుగుల్ని మాత్రమే నేర్పిన యంత్రం ఉండి ఉంటే, 1960ల్లో వెంపటివారి శిష్యులందరికీ మార్కులు కోసేసేది. ఇవాళ అకాడమీ బాణీ మాత్రమే నేర్పిన యంత్రం, ఊరి బాణీలో పెరిగిన పిల్లను వంకరగా వేస్తోందని అంటుంది. జాయప తన గ్రంథం ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి, నాలుగు దేశికి కేటాయించాడు. తన కాలపు ఊరి ఆటలకూ, కొత్త పోకడలకూ సగం పుస్తకం రాసిచ్చాడు. ఏడు వందల యాభై ఏళ్ల కింద ఒక సేనాపతికి ఉన్న ఆ విశాలత ఇవాళ మార్కులు వేసే పరికరంలో లేకపోతే, మన తర్వాతి తరం నాట్యం ఒకే అచ్చులో పోసినట్టు వస్తుంది. ఆ పోత మొదలైందని పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడల్లా నాకు కనబడుతోంది. పిల్లలందరి భుజం ఎత్తూ ఒకటే, చిరునవ్వు కొలతా ఒకటే.

మా రోజుల్లో పరీక్ష జనం ముందు జరిగేది. మేళం ఊళ్లోకి వెళితే కాగడాల వెలుగులో ఆట. పాత్ర ప్రవేశానికి గుగ్గిలం పొడి చల్లితే కాగడా భగ్గుమనేది, ఆ వెలుగులో మొహం కనబడేది. ముందు వరసలో కూర్చున్న రైతులకు, పెద్దలకు శాస్త్రం తెలియకపోవచ్చు. ఎవరి దరువు నిలిచిందో, ఎవరిది జారిందో వాళ్లకు తెలుసు. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి జడను తెర మీదుగా బయటకు వేసే ఆచారం ఉండేది. తనను విద్యలో ఓడించగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు వచ్చి ఆ జడ కోయవచ్చని సభకు సవాలు. వేషం కట్టినవాడు తన పేరు, తన గురువు పేరు ఆ జడతో పాటు సభలో పెట్టేవాడు. తప్పితే తుడిచేసి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు.

ఇప్పుడు పరీక్షకు వీడియో పంపమంటున్నారు. 2020లో కరోనా వచ్చి బళ్లు మూతపడినప్పుడు అది తప్పనిసరి అయింది, అప్పుడు ఎవరినీ నేను తప్పుపట్టలేదు. ఆ అవసరం పోయాక కూడా అది అలాగే ఉండిపోయింది, ఎందుకంటే పరీక్ష పెట్టేవాళ్లకు అది తేలిక. పిల్ల ఇంట్లో పదిసార్లు తీసుకుంటుంది, బాగా వచ్చింది పంపుతుంది. ఆ పదింటిలో తొమ్మిదిసార్లు ఎక్కడ తప్పిందో గురువుకు తెలియాలి, తెలియనిది ఆ తొమ్మిదే.

వీడియో పంపే పరీక్షలో ఇంకో అన్యాయం ఉంది, అది నా కళ్లారా చూశాను. ఒక సంస్థ పరీక్షకు మా దగ్గర నేర్చుకునే పిల్ల ఇరుకు గదిలో, పాత ఫోనును స్టూలు మీద నిలబెట్టి తీసి పంపింది. ఫోను కిందినుంచి పైకి చూసింది కాబట్టి తొడలు పొట్టిగా, మోకాళ్లు మూసుకున్నట్టు కనబడ్డాయి. ఒక్క కెమెరాకు లోతు తెలియదు, అది ఊహించుకోవలసిందే. అరమండిలో మోకాలు పక్కకు విచ్చుకుందా, ముందుకు వచ్చిందా అన్న తేడా మొత్తం ఆ లోతులోనే ఉంది. పైగా చీర కుచ్చిళ్లు మోకాలిని కప్పాయి. తక్కువ మార్కులు వచ్చాయి. విశాలమైన హాలు, స్టాండు మీద కొత్త ఫోను, మంచి లైట్లు ఉన్న పిల్లకు అదే అడవుకు ఎక్కువ వచ్చాయి. నేను ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూశాను, మొదటి పిల్లదే గట్టి అరమండి. ఆ పిల్ల మూడు రోజులు సాధనకు రాలేదు. నాట్యంలో పేదింటి పిల్ల ఒళ్లు, ఉన్నింటి పిల్ల ఒళ్లు నేల మీద ఒకటే. ఆ సమానత్వాన్ని మనం చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

తల్లిదండ్రులకు అంకె కావాలి, నాకు అర్థమవుతుంది. నెలకు ఇంత ఫీజు కడుతున్నారు, పిల్ల ఎదుగుతోందో లేదో తెలుసుకోవాలనుకోవడం న్యాయమే. అపార్టుమెంటు హాల్లో అరవై మంది పిల్లల్ని వరసగా నిలబెట్టి నేర్పే టీచరమ్మకు ఒక్కొక్కరినీ చూసే తీరిక లేదు. అందుకే భంగిమకు ఇన్ని, లయకు ఇన్ని, ముఖానికి ఇన్ని అని గళ్లు గీసిన పట్టీలు వచ్చాయి, వాటిని నింపే యంత్రాలు వచ్చాయి. గొలుసు పట్టిన సర్వేయరు చేను ఎన్ని సెంట్లో చెబుతాడు. నీళ్లు ఎప్పుడు పెట్టాలో, ఎరువు ఎక్కడ చల్లాలో ఆ చేలో దిగిన రైతు చెబుతాడు. పిల్లకు 78 వచ్చింది, పోయిన నెల 74 అని తెలిసినంత మాత్రాన రేపు పొద్దున లేచి ఏం సాధన చేయాలో తెలియదు. "నీ బరువు ఎడమ కాలి మీదే ఉండిపోతోంది, వారం రోజులు కుడికాలితోనే మొదలుపెట్టు" అని చెబితే తెలుస్తుంది. అరవై మందిలో అది చెప్పే తీరిక లేకపోతే, కావలసింది ఇంకో టీచరు. ఇంకో యాప్‌తో ఆ లోటు తీరదు.

దూరదేశాల సంగతి వేరు, అక్కడ నేను గట్టిగా మాట్లాడను. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడిలో కోర్సులు నడుపుతోంది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర తెర మీద పాఠం చెప్పించుకుంటున్నారు. ఇక్కడ వేసిన తాళం దెబ్బ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది, ఆ పిల్ల అడుగు చప్పుడు ఇక్కడికి ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఇద్దరూ ఒకే తాళంలో ఉండలేరు. ఆ పిల్ల రికార్డు చేసి పంపడం, గురువు దాన్ని ఆపి ఆపి చూసి, గీతలు గీసి తిరిగి పంపడం తప్ప దారి లేదు. అలా గీసే గీత గురువు చేతిది అయినంత కాలం నాకు అభ్యంతరం లేదు.

సాధన గదిలో ఫోను చేసే మేలు కూడా నేను చూశాను. నెమ్మదిగా తిప్పి చూపిస్తే, మండి నుంచి లేచేటప్పుడు ఎవరి మోకాలు లోపలికి కూలుతోందో పిల్లకే కనబడుతుంది. మేం బండల మీద, గచ్చు మీద ఎగిరి దూకి నేర్చుకున్నాం. మాతో నేర్చుకున్నవాళ్లలో మోకాళ్లు పోగొట్టుకుని నలభై ఏళ్లకే కుర్చీలో కూర్చుని పాఠం చెప్పినవాళ్లున్నారు. ఆ మోకాలి పక్కచూపును అప్పుడే ఎవరైనా నెమ్మదిగా తిప్పి చూపించి ఉంటే బాగుండేది. మా పెద్దల ఆటలో చాలాభాగం ఎక్కడా నమోదు కాకుండానే వాళ్లతో పాటు పోయింది. ఇప్పుడు మిగిలిన వృద్ధ గురువుల నడకనూ, పగటివేషాల తీరునూ అన్ని వైపుల నుంచీ కెమెరాలు పెట్టి పట్టి దాచాలి. ఆ పనికి ఎంత డబ్బు ఖర్చు పెట్టినా తక్కువే. కర్ర దెబ్బలు, చెవి మెలివేతలు తిరిగి రావాలని కూడా నేను అడగను. వాటి వల్ల నాట్యం మానేసిన మంచి ఒళ్లు ఎన్నో ఉన్నాయి. భయం లేకుండా నేర్చుకునే ఇప్పటి పిల్లలను చూస్తే నాకు సంతోషమే.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. కొలత సాధనకు వాడుకోండి, తీర్పుకు వాడకండి. సర్టిఫికెట్ పరీక్షలు, డిప్లొమా పరీక్షలు పెట్టే వాళ్లందరికీ నా విన్నపం ఇది. ప్రతి విద్యార్థినీ నేల మీద నిలబెట్టండి. పరీక్షకుడు స్వయంగా తాళం వేయాలి, వేగం మార్చాలి, నడక మార్చాలి. పిల్ల ఇంతకు ముందు వినని జతి ఒకటి పలికి, మూడుసార్లు విన్నాక వేయమనాలి. చిన్న తరగతి పిల్లను ఒకదాన్ని ముందు నిలబెట్టి, దాని తప్పేమిటో చెప్పి దిద్దమనాలి. దిద్దడం చేతనైన పిల్లకు తన ఒంటి మీద కూడా అధికారం వచ్చినట్టే. చివరికి మార్కు వేస్తే వేయండి, దాని పక్కన ఒక వాక్యం రాయండి: రేపటి నుంచి ఈ పిల్ల ఏం సాధన చేయాలో. ఆ వాక్యం రాయలేని పరీక్షకుడికి, మనిషైనా యంత్రమైనా, మార్కు వేసే హక్కు లేదు.

గురువులకు కూడా ఒక మాట. పిల్ల ఫోను తెచ్చి అంకె చూపించినప్పుడు కోప్పడకండి, పొగడకండి. ఫోను పక్కన పెట్టించి, కర్ర అందుకుని, అదే అడవును చౌకంలో వేయించండి. తప్పు ఎక్కడుందో చెప్పి, సరిచేసి, మళ్లీ వేయించండి. ఆ పని మనం చేసినంత కాలం ఏ పరికరం వచ్చినా నాట్యానికి నష్టం లేదు. ఆ పని మానేసిన రోజు తప్పు మనదే అవుతుంది, యంత్రాన్ని నిందించే అర్హత మనకు మిగలదు.